ఆరో గుండీ

కోటు పైపులాయన మోకాళ్ళు దాటి వేలాడుతోంది. చేతులు లోపలెక్కడో ఉన్నాయి, ఇంకా బయటికి రాలేదు. వేదిక మీద నిలబడ్డ ఆ కోటులో మనిషి ఉన్నాడనడానికి పైన కనిపిస్తున్న బట్టతల ఒక్కటే సాక్ష్యం.

సరిగ్గా అప్పుడే మా అల్లుడు గుండీని కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, "దీనికి గాటు ఉంది" అన్నాడు.

మందిరంలో నూట ఎనభై మంది ఉన్నారు. అందరూ మెడలు చాచారు.

"గాటేంటి బాబూ?" అన్నారు హెడ్మాస్టరు గారు. మా మందిరం కార్యదర్శి ఆయనే. రిటైరై తొమ్మిదేళ్ళయింది కానీ ఆ సంగతి ఆయన గొంతుకి ఎవరూ చెప్పలేదు.

"అంచున, అడుగు వైపు. ఆకురాయితో గీసినట్టుంది. కళ్ళు మూసుకున్నా వేలికి తగులుతుంది. మిగతా ఆరింటికీ లేదు, చూశాను."

హెడ్మాస్టరు గారు గుండీ తీసుకుని కళ్ళు మూసుకుని తడిమారు. "తగులుతోంది" అని ప్రకటించారు.

అప్పుడు మొదలైంది గోల.

గుండీకి ఇంత గోలేమిటని మీరనుకోవచ్చు. అందుకని మా పద్ధతి చెప్పాలి. మొదట్లో మా మందిరం పెద్దని చేతులెత్తి ఎన్నుకునేవాళ్ళు. అలా ముగ్గురిని ఎన్నుకున్నారు. ముగ్గురూ ఆరడుగుల వాళ్ళే, ముగ్గురిదీ కంచు గొంతే. మొదటాయన సగం మందిని వెంటేసుకుని పక్క వీధిలో వేరే మందిరం పెట్టుకున్నాడు. రెండో ఆయన మిగిలిన సగాన్ని ఒకరి మీదొకరికి ఎక్కించి వినోదం చూశాడు. మూడో ఆయన సంగతి ఇప్పటికీ పిల్లల ముందు ఎత్తరు. దాంతో అప్పటి ముసలివాళ్ళు విసిగిపోయి ఒక తీర్మానం రాసి గోడకి తగిలించారు: "పెద్దని మనం ఎంచితే ఎత్తు చూసి ఎంచుతున్నాం. కనుక ఇకపై ఆ పని దేవుడికి అప్పగించడమైనది."

అప్పట్నించీ ఇదీ వరస. పాత పెద్ద దిగిపోగానే ఆయన కోటుకున్న ఏడు కొమ్ము గుండీలూ కత్తిరిస్తారు. మందిరంలో ఏడు వరసల బెంచీలున్నాయి, వరసకో పేరు చొప్పున ఏడు పేర్లు చీటీల మీద రాసి గుండీల వెనక అంటిస్తారు. సంచిలో వేసి మూతి కుట్టేస్తారు. ఆదివారం అందరూ ప్రార్థన చేస్తుండగా కొత్త కోటు కుట్టే దర్జీ మూతి కత్తిరించి, కళ్ళు మూసుకుని ఒక గుండీ తీస్తాడు. ఎవరి పేరొస్తే వాళ్ళే పెద్ద. ఆ గుండీ కొత్త కోటుకి మెడ దగ్గర మొదటి గుండీ అవుతుంది.

ఆ దర్జీని నేనే.

ఇంకో మాట. పెద్ద పనంటే వేదిక మీద మాట్లాడటం అనుకునేరు. అది ఎవరైనా చేస్తారు. వెనక గదిలో రెండు కుర్చీలుంటాయి. జనం ఒక్కొక్కరే వెళ్ళి, ఇంట్లో కూడా చెప్పుకోలేనిది అక్కడ చెప్పుకుంటారు. అది వినడం అసలు పని. పాత పెద్ద బంగారం లాంటి మనిషి. కానీ ఆఖరి రెండేళ్ళలో చెవులు పోయాయి. చేసిన తప్పు అరిచి చెప్పుకోవాల్సి వచ్చేది. బయట బెంచీల మీద వాళ్ళకి మంచి కాలక్షేపం. చెప్పుకునేవాళ్ళు తగ్గి వినేవాళ్ళు పెరిగారని ఆయనే దిగిపోయాడు.

"సంచి శుక్రవారం సాయంత్రం నించి ఈ గోడకే వేలాడుతోంది. నిన్న తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అన్నాడు అల్లుడు.

కోటులోంచి సమాధానం వచ్చింది. "నా దగ్గర. కుళాయి కారుతోందంటే వచ్చా."

"నీ సంచిలో ఆకురాళ్ళున్నాయా?"

"నాలుగున్నాయి."

"అంతే" అని అల్లుడు జనం వైపు తిరిగాడు. తిరిగినప్పుడు వాడి కోటు అంచు కూడా అందంగా తిరిగింది. దాన్ని కుట్టింది నేనే. "ఇంకేం కావాలి? సంచి విప్పాడు, తన గుండీకి గాటు పెట్టాడు, మళ్ళీ కుట్టాడు. మా మామయ్య పాపం కళ్ళు మూసుకుని తడిమితే వేలికి అదే తగిలింది. దేవుడి పేరు మీద మోసం ఇది. ఇలాంటివాణ్ణి సభ్యత్వంలోంచే తీసెయ్యాలి."

మా అరవై ఇళ్ళలో కుళాయి కారినా, తూము మూసుకున్నా పైపులాయనే వస్తాడు. అతని బతుకంతా ఈ ఇళ్ళే. సభ్యత్వం తీసేస్తే ఏ గుమ్మమూ ఎక్కనివ్వరు.

హెడ్మాస్టరు గారు బల్ల మీద చరిచారు. "ఆగండి. సంచి కుట్టు ఎవరైనా విప్పారా లేదా అన్నదే ప్రశ్న. పొద్దున కత్తిరించిన మూతి ఇదిగో, కుట్టుతో సహా ఉంది. ఇది చూసి చెప్పగల మనిషి మనలో ఒక్కరే. దర్జీ గారూ, మీరు పరిశీలించి, పైపులాయన పనిముట్ల సంచీ కూడా సోదా చేసి, నాలుగింటికి నివేదిక ఇవ్వాలి."

"అలాగే" అన్నాను.

ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. గాటు పెట్టింది నేనే.

ఎందుకో చెబుతా. అల్లుడికి పదకొండేళ్ళుగా బట్టలు కుడుతున్నా. వాడి రెండు భుజాలూ ఒకే ఎత్తు. మీకు తెలియదు కానీ అది వందలో ఒక్కడికీ ఉండదు. అందరికీ ఏదో ఒక పక్క దూది పెట్టి సరిచెయ్యాల్సిందే. వీడికి అక్కర్లేదు. నిలబడితే చాలు, చొక్కా దానంతటదే కూర్చుంటుంది. అలాంటి ఒళ్ళు చేతికి చిక్కిన దర్జీకి, ఇతన్ని ముందే ఎవరో ఎంచి పెట్టారనిపిస్తుంది. నేను చేసిందల్లా దేవుడికి కాస్త సాయం. వేదిక మీదికి తెచ్చిన కోటు కూడా వాడి కొలతలదే, వారం ముందే కుట్టేశా. అది ఎవరికీ వింతగా తోచలేదు. అందరూ వాడే అనుకున్నారు.

పైపులాయన పేరు జాబితాలోకి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. ఆరో వరసలో ఎవరూ ఒప్పుకోలేదు. అతను ఆ రోజు ఎవరింట్లోనో ట్యాంకు బాగుచేస్తూ రాలేదు. రాని మనిషి వద్దనలేడు కదా అని రాసేశారు.

ఇక పొరపాటు. అది దర్జీలు మాత్రమే చేసే పొరపాటు. బట్టని వెనక్కి తిప్పి కత్తిరించేటప్పుడు ఏమరుపాటుగా ఉంటే రెండు చేతులూ ఎడమవే తయారవుతాయి. కుర్రతనంలో రెండుసార్లు చేశా, తన్నులు తిన్నా, మళ్ళీ చెయ్యలేదు. శుక్రవారం దాకా. ఆ రోజు ఏడు గుండీలూ అట్ట మీద బోర్లా పేర్చి, వరస ప్రకారం చీటీలు అంటించా. రెండోది అల్లుడు, ఆరోది పైపులాయన. జిగురు అణగాలని పైన ఇంకో అట్ట పెట్టి, పుస్తకంలో కాగితం తిప్పినట్టు మొత్తం తిప్పేశా. చీటీలు కిందికి, గుండీలు పైకి. తర్వాత ఎడమ నుంచి రెండోది చూసుకుని, లేపకుండానే దాని అడుగంచున ఆకురాయి దూర్చి గాటు పెట్టా. తిప్పాక ఎడమ నుంచి రెండోది అసలు వరసలో ఆరోదని నా బుర్రకి తట్టలేదు. జిగురు పచ్చిగా ఉందని లేపి చూడలేదు. ఆరే లోపు హెడ్మాస్టరు గారు వచ్చేశారు, సంచిలో వేయించి, ఎదురుగా కూర్చుని మూతి కుట్టించుకుని పట్టుకెళ్ళారు.

పొద్దున సంచిలో చెయ్యి పెట్టి, గాటు దొరకగానే లోపల్లోపల నవ్వుకున్నా. హెడ్మాస్టరు గారు చీటీ చదివారు. అది అల్లుడి పేరు కాదు.

ఇంటికొస్తే మా ఆవిడ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. అలా కూర్చుంటే నాకు ముద్ద దిగదు.

"ఏవండీ, శుక్రవారం మిషను మీద ఆకురాయి ఎందుకుంది?"

"కత్తెర పదును పెట్టా."

"కత్తెరకి సానరాయి వాడతారుగా."

"నువ్వెప్పుడు నేర్చుకున్నావు దర్జీ పని?"

"ముప్పై రెండేళ్ళయింది నేర్చుకుని. మీరెప్పుడు అబద్ధమాడుతున్నారో కూడా అప్పుడే నేర్చుకున్నా." మజ్జిగ గిన్నె ముందుకి జరిపింది. "నాలుగింటికి ఏం చెప్తారు?"

"కుట్టు చూసి చెప్తా."

"అమ్మాయికి అత్తారింట్లో తలెత్తుకునే పరిస్థితి ఉండాలి. అది కూడా చూసి చెప్పండి" అంది. లేస్తూ, "ఆ పైపులాయన నిన్న మన బేసిన్ బాగుచేసి, కింద తుడిచి మరీ వెళ్ళాడు. తుడిచేవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు" అని కంచం తీసుకెళ్ళిపోయింది. నా పక్కనుందో, లేదో తేల్చకుండానే.

రెండింటికి పైపులాయన రేకుల షెడ్డుకి వెళ్ళా. గోడ పొడవునా పైపులు లావు సన్నాల వరసలో పేర్చి ఉన్నాయి. అతను సొంత కుళాయి కింద పడుకుని నట్టు బిగిస్తున్నాడు. కుడి భుజం ఎడమదాని కన్నా రెండు వేళ్ళు కిందికి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ భుజం మీదే సింకుల కింద పడుకున్నాడు మరి. చొక్కా గుండీలు ఒకదాని కాజాలోకి ఒకటి దూరి ఉన్నాయి. అటువైపు చూడకూడదనుకున్నా, చూశా.

"వెతకమన్నారా అన్నా? సంచి అదిగో. అడుగున బ్లేడుంది, చెయ్యి జాగ్రత్త."

సంచి నా కత్తెర్ల పెట్టె కన్నా శుభ్రంగా ఉంది. పక్క జేబులో ఏడెనిమిది చిన్న కాగితం పొట్లాలు. ఒకటి విప్పితే చెవి కమ్మ. ఇంకోదాంట్లో బీరువా తాళంచెవి. మూడోదాంట్లో కట్టుడు పళ్ళ సెట్టులో సగం.

"ఇవన్నీ ఏంటయ్యా?"

"పైపుల్లో దొరికినవి. వీలు చూసి ఎవరివి వాళ్ళకిస్తా. పక్కన ఎవరూ లేనప్పుడు."

"పళ్ళు ఎవరివి?"

"పైపువి."

"అది కాదయ్యా, పోగొట్టుకుంది ఎవరని."

"పైపులో దొరికింది పైపుది. అడిగినవాళ్ళందరికీ ఇదే చెప్తా." ఇంకా కుళాయి కిందే ఉన్నాడు. "నాలుగో పొట్లం మీది."

విప్పా. సగానికి విరిగిన నల్ల కొమ్ము గుండీ. అంచున గాటు.

ఇదేమిటో నాకు చూడగానే తెలిసింది. కోటు లోపల అదనంగా కుట్టి ఉంచే ఎనిమిదో గుండీ. శుక్రవారం అసలు గాటు పెట్టే ముందు దాని మీద చెయ్యి అలవాటు చేసుకున్నా. ఆకురాయి జారి రెండు ముక్కలైంది. అదే క్షణంలో మా ఆవిడ లోపలికొస్తే బేసిన్‌లో పడేసి నీళ్ళు వదిలా. శనివారానికి బేసిన్ మూసుకుపోయింది. ఆవిడే ఇతన్ని పిలిచింది.

కూర్చోవడానికి స్టూలు కోసం వెతికా. లేదు. పైపుల మీదే కూర్చున్నా.

"నిన్ననే ఇచ్చేద్దామనుకున్నా. అక్క పక్కనే నిలబడింది" అన్నాడతను.

"పొద్దున నీకు అర్థమైందా?"

"గాటనగానే అర్థమైంది."

"మరి చెప్పొచ్చుగా! జేబులోంచి తీసి చూపిస్తే అయిపోయేది. నిన్ను దొంగంటుంటే నోరెందుకు విప్పలేదు?"

పైపులాయన బయటికి పాక్కుంటూ వచ్చి కూర్చున్నాడు. చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"అందరిళ్ళకీ వీధి గుమ్మంలోంచి వెళ్తారు అన్నా. నేను తూములోంచి వెళ్తా. ఇల్లు ముందర ఎంత సున్నం కొట్టినా నాకు కనపడేది వేరే. ఆవిడేం పారబోసింది, ఆయనేం దాచాడు, ఏ మందు తాగలేక ఒంపేశారు, అన్నీ తెలుస్తాయి. ఒకసారి నోరు జారానంటే ఇంకే ఆడమనిషీ నన్ను వంటగదిలోకి రానివ్వదు. మీదొకటే చెప్తే మిగతా యాభై తొమ్మిది ఇళ్ళ వాళ్ళకీ ఇవాళ అన్నం సయించదు."

"నిన్ను గెంటేస్తారయ్యా."

"గెంటితే వేరే చోట కుళాయిలు కారవా ఏంటి." నట్టు మళ్ళీ బిగించాడు. అది ఇందాకే బిగిసిపోయింది. "ఇక్కడైతే ఏ పైపు ఎటు పోతుందో కళ్ళు మూసుకుని చెప్తా. అక్కడ మళ్ళీ మొదట్నించీ. అంతే."

"నేను కుట్టు విప్పారని చెప్తే?"

"చెప్పండి. మీ నోరు, మీ ఇష్టం. పెద్దని చెయ్యమని నేనడిగానా? ఆ రోజు ట్యాంకులో ఉన్నా." లేచి షెడ్డు తలుపు దాకా వచ్చాడు. "అన్నా, మీ బేసిన్ కింద వాషరు పాతది. వారంలో మళ్ళీ కారుద్ది. ఈసారి ఎవరొచ్చినా సరే, అది మార్పించుకోండి."

నాలుగింటికి మందిరం పొద్దుటి కన్నా నిండుగా ఉంది. ప్రార్థనకి రానివాళ్ళు కూడా వచ్చారు. పాత పెద్ద ముందు వరసలో, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. మా ఆవిడ మూడో వరసలో, అమ్మాయి పక్కన. కోటు కుర్చీకి తగిలించి ఉంది. కుర్చీకి బాగానే నప్పింది.

హెడ్మాస్టరు గారు పెన్ను మూత తీశారు. "పైపులాయనా, నిలబడు. గాటు పెట్టింది నువ్వేనా?"

"కాదండీ."

"ఎవరో తెలుసా?"

"తెలుసండీ."

జనం ఒక్కసారిగా ముందుకి వంగారు. బెంచీలు కిర్రుమన్నాయి.

"ఎవరు?"

"అది చెప్పను."

"దేవుడి ముందు అడుగుతున్నాను!"

"ఆయనకి తెలిసిందే కదండీ, మళ్ళీ చెప్పడమెందుకు? మీరు తెలుసుకోవాలని అడుగుతున్నారు. మీకు చెప్పను."

అల్లుడు లేచాడు. భుజాలు రెండూ ఒకే ఎత్తున లేచాయి. "చూశారా! దాస్తున్నాడు. దాస్తున్నాడంటే దొంగే. రేపు ఇలాంటివాణ్ణి వెనక గదిలో కూర్చోబెడితే మన లోపలి సంగతులు ఏమవుతాయో ఆలోచించండి!"

మొదటి వరసలో ఒక బామ్మ ఉంది. తొంభై దాటాయి. తీర్మానం గోడకెక్కిన రోజు కూడా అక్కడే కూర్చుందట. ఆవిడ మెల్లిగా తల తిప్పి, "ఏమవుతాయి నాయనా? ఇప్పుడు చూశావుగా" అంది.

రెండు మూడు చోట్ల నవ్వారు. అల్లుడికి అర్థం కాలేదు. అందులోని వెక్కిరింత అందక, ఆవిడ తనని సమర్థించిందనుకుని దణ్ణం పెట్టాడు. పదకొండేళ్ళలో మొదటిసారి వాడి కోటు నాకు కనపడలేదు. లోపలున్నవాడు కనిపించాడు. చెడ్డవాడేం కాదు. అక్కడ పెద్దగా ఎవరూ లేరు, అంతే.

"దర్జీ గారి నివేదిక" అన్నారు హెడ్మాస్టరు గారు.

సంచి మూతి ముక్క చేతిలోకి తీసుకున్నా. గుడ్డకి మొదటి సూది పోట్లు గుర్తుంటాయి. విప్పి మళ్ళీ కుడితే, అవే రంధ్రాల్లోంచి కుట్టినా దారం నలుగుతుంది, రంధ్రం పెద్దదవుతుంది. చూడ్డానికి అరనిమిషం చాలు. నేను మూడు నిమిషాలు చూశా.

"విప్పారు" అంటే అయిపోతుంది. ఎవరూ కాదనలేరు. పైపులాయన అసలే అనడు.

అతని వైపు చూశా. అతను నా వైపు చూడట్లేదు. మూలనున్న కుళాయి వైపు చూస్తున్నాడు, నిన్న బాగుచేసింది కారుతోందో లేదోనని.

"పదమూడు కుట్లు. అన్నీ నా చేతివే. ఎవరూ విప్పలేదు" అన్నా.

హెడ్మాస్టరు గారు రాసుకున్నారు. "ఎవరూ... విప్పలేదు. అంటే?"

"గాటు సంచిలోకి వెళ్ళకముందే పడింది."

"వెళ్ళకముందే... పడింది. అప్పుడు గుండీలు ఎవరి దగ్గరున్నాయి?"

"దర్జీ దగ్గర."

"దర్జీ... దగ్గర." పెన్ను ఆగింది. కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఏ దర్జీ?"

"మనకున్నది ఒక్కడే కదండీ."

"మామయ్యా?" అన్నాడు అల్లుడు. మా ఆవిడ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. కోప్పడబోతోందో, ఊపిరి పీల్చుకుందో నాకు తెలియలేదు. ముప్పై రెండేళ్ళలో నేను నేర్చుకోవాల్సింది నేర్చుకోలేదు.

జేబులోంచి విరిగిన గుండీ తీసి బల్ల మీద పెట్టా. "ముందు దీని మీద సాధన చేశా. తర్వాత రెండో గుండీకి పెట్టబోయి, అట్ట తిరగేసి లెక్కపెట్టి, ఆరోదానికి పెట్టా. పైపులాయనకి ఏ పాపమూ తెలియదు. నేనని అతనికి పొద్దుట్నించీ తెలుసు, నా పేరు చెప్పలేదు."

"స్పష్టంగా చెప్పండి, నమోదు చేయాలి. గాటు పెట్టింది ఎవరు?"

"నేను."

"వెనక వరసకి వినపడలేదట."

"నేనే" అన్నా, కాస్త గట్టిగా.

హాలంతా నా వైపు తిరిగింది. ముందు వరసలో పాత పెద్ద మాత్రం అటూ ఇటూ చూసి, పక్కనున్న బామ్మని అడిగాడు. "ఎవరట? ఎవరంటున్నాడు?"

బామ్మ నా వైపు చూపించింది. "అబ్బాయినే చెప్పనీ."

నేను వేదిక దిగా. ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి, మందిరం పైకప్పు అదిరేలా అరిచా.

"దర్జీ! మీ కోటు కుట్టిన దర్జీ! నేనే!"